ఫింగర్ లేక్స్‌లో ఆర్‌వీ మకాం: ముందు ఒడ్డు తేల్చుకోండి

ఏటా ఫిబ్రవరి దాటగానే న్యూజెర్సీలో మాకు తెలిసిన కుటుంబాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "ఈ వేసవికి ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఫింగర్ లేక్స్ వెళ్దామనుకుంటున్నాం. అక్కడ మంచి క్యాంప్‌గ్రౌండ్ ఒకటి చెప్పండి" అంటారు. ఆర్‌వీ అంటే లోపలే పడకలు, వంటిల్లు ఉన్న బండి. ఫింగర్ లేక్స్ అంటే న్యూయార్క్ రాష్ట్రంలో ద్రాక్షతోటలున్న సరస్సుల ప్రాంతం. క్యాంప్‌గ్రౌండ్ పేరు చెప్పడం తేలికే. కానీ నేను ముందు "ఏ సరస్సు, ఏ వైపు ఒడ్డు?" అని అడుగుతాను. సరస్సు పేరు చాలామంది చెప్పగలరు. ఒడ్డు సంగతి మాత్రం అప్పటిదాకా ఎవరికీ తట్టి ఉండదు. మొదటిసారి మాకూ తట్టలేదు.

ఆ ప్రయాణంలో సెనెకా సరస్సు పడమటి ఒడ్డున బస చేశాం. చూడాలనుకున్న నాలుగు వైనరీలూ (వైన్ తయారుచేసి అమ్మే తోటలు) తూర్పు ఒడ్డున ఉన్నాయి. మ్యాపులో మధ్యన ఉన్నది మూడు నాలుగు కిలోమీటర్ల నీళ్ళు. సాయంత్రం కుర్చీలు వేసుకుని కూర్చుంటే అవతలి కొండవాలు మీద ద్రాక్ష వరుసలు దువ్వెన పళ్ళలా కనిపిస్తూనే ఉన్నాయి. అక్కడికి చేరాలంటే మాత్రం దక్షిణపు కొస దాకా వెళ్ళి, వాట్కిన్స్ గ్లెన్ ఊరు చుట్టి, అవతలి వైపు మళ్ళీ పైకి రావాలి. పోను ముప్పావు గంట, రాను ముప్పావు గంట. మధ్యలో వంతెన లేదు. మూడు రోజుల సెలవులో సగం స్టీరింగ్ దగ్గరే గడిచింది.

న్యూయార్క్ రాష్ట్రం నడిమధ్యకు కాస్త పడమరగా 11 సరస్సులు ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా, పొడవుగా సాగి ఉంటాయి. చాచిన చేతివేళ్ళలా కనిపిస్తాయి కాబట్టే ఆ పేరు. మంచుయుగంలో హిమానీనదాలు పాత నదీలోయలను గీరి గీరి లోతు చేసి వదిలేసిన గుంటలివి. సెనెకా, కయూగా ఒక్కోటీ సుమారు 60 కిలోమీటర్ల పొడవు ఉంటాయి, వెడల్పు మాత్రం ఎక్కడా ఆరు కిలోమీటర్లు దాటదు. క్యూకా అయితే పంగలకర్రలా రెండుగా చీలి ఉంటుంది, దాని చుట్టూ దారి ఇంకా తిరుగుడు. అందుకే ఇక్కడ "వైనరీకి ఐదు మైళ్ళ దూరంలో" అని రాసి ఉంటే నమ్మకూడదు. ఆ ఐదు మైళ్ళు రోడ్డు మీదా, నీళ్ళ మీదా అని చూసుకోవాలి. సెనెకా పడమట 14వ నంబరు రోడ్డు, తూర్పున 414, కయూగా పడమట 89: ఈ మూడు రోడ్లు గుర్తుపెట్టుకుంటే సగం ప్రణాళిక తయారైనట్టే. మీరు చూడాలనుకున్న వైనరీలు ఏ రోడ్డు మీద ఉన్నాయో ఆ రోడ్డు మీదో, దానికి దగ్గరలోనో మకాం పెట్టండి.

తీగకు వాలు, బండికి చదును

క్యాంప్‌గ్రౌండ్లు ఎక్కడ ఉన్నాయో, ఎందుకు అక్కడే ఉన్నాయో అర్థం కావాలంటే ముందు ద్రాక్ష ఇక్కడ ఎలా బతుకుతోందో తెలియాలి. ఇది గడ్డకట్టే చలి ఉన్న చోటు. సున్నా కన్నా 20 డిగ్రీలు కిందికి పోయే రాత్రులు ఉంటాయి. తీగను కాపాడేది సరస్సు లోతు. సెనెకా లోతు 618 అడుగులు. దాని నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 445 అడుగుల ఎత్తున ఉంటుంది. అంటే దాని అడుగు సముద్రమట్టం కన్నా 170 అడుగులు కిందికి ఉందన్నమాట. అన్ని నీళ్ళు వేసవంతా నిదానంగా వేడెక్కుతాయి, చలికాలమంతా నిదానంగా చల్లారతాయి. సెనెకా పూర్తిగా గడ్డకట్టడం చాలా అరుదు. అక్టోబరులో చుట్టుపక్కల చలి ముదిరినా ఒడ్డున గాలి వెచ్చగా ఉండి, పండు ఇంకొన్ని రోజులు తీగ మీదే నిలిచి పక్వానికి వస్తుంది. వసంతంలో ఇదే తిరగబడుతుంది. చల్లటి నీటి పక్కన మొగ్గ ఆలస్యంగా విచ్చుతుంది కాబట్టి, చివర్లో వచ్చే మంచుదెబ్బ చాలాసార్లు తప్పిపోతుంది. 2023 మే 18 తెల్లవారుజామున అలాంటి మంచే పడింది. సరస్సుకు దూరంగా ఉన్న తోటల్లో లేత చిగుళ్ళు ఎక్కువగా మాడిపోయాయి. నీటికి దగ్గరగా ఉన్నవాటికి దెబ్బ తక్కువ.

రెండోది వాలు. చల్లగాలి బరువు. రాత్రి అది వర్షపు నీళ్ళలాగే వాలు వెంట కిందికి జారి సరస్సు మీదికి పోతుంది. చదునుగా, గుంటగా ఉన్న చోట మాత్రం అక్కడే నిలిచి తీగను చంపేస్తుంది. అందుకని మంచి తోటలన్నీ సరస్సు కనిపించే వాలు మీద ఉంటాయి. సెనెకా ఆగ్నేయపు ఒడ్డున హెక్టర్, లోడై ఊళ్ళ మధ్యనున్న పట్టీని స్థానికులు 'బనానా బెల్ట్' అంటారు. అక్కడ అరటి పండదు, చుట్టుపక్కల కన్నా వెచ్చగా ఉంటుందని ఆ మాట. సరస్సు అక్కడే బాగా లోతు. పైగా పడమటి గాలి నీళ్ళ మీదుగా వచ్చి తగులుతుంది, సాయంత్రపు ఎండ నేరుగా పడుతుంది.

తీగకు వాలు కావాలి. పదివేల పౌండ్ల బండికి చదును కావాలి. మంచి వాలు నేలంతా ద్రాక్షకు పోయింది. కాబట్టి క్యాంప్‌గ్రౌండ్లకు మిగిలినవి సరస్సుల ఉత్తరపు కొసన ఉన్న మైదానం, రెండు సరస్సుల మధ్యనున్న కొండ నెత్తి, అంతకుముందు వేరే పనికి ఎవరో చదును చేసి వదిలేసిన నేల. ఈ మూడూ కాకుండా "తోటల మధ్యలో, సరస్సు ఎదురుగా, ఫుల్ హుకప్" (కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ ఉన్న చోటు) అని ప్రకటన కనిపిస్తే, ఆ సైట్, అంటే బండి నిలిపే జాగా, ఎంత వాలుగా ఉందో ఫోన్ చేసి అడగండి. మేం అడగలేదు. ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో మాకు ఇచ్చిన సైట్ నుంచి సరస్సు అద్భుతంగా కనిపించింది, నిజమే. ముందు చక్రాల కింద మూడు వరసల ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టినా బండి సమం కాలేదు. గ్యాస్ మీద నడిచే పాతరకం ఆర్‌వీ ఫ్రిజ్ సమంగా ఉంటేనే పనిచేస్తుంది. మర్నాటికి పెరుగు పులిసిపోయింది, నాలుగు కిలోల చికెన్ పారేశాం. ఆఫీసులో చెబితే "మిగతావాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదే" అన్నారు.

చదును నేల ఎక్కడుంది

సెనెకా తూర్పు ఒడ్డున శాంప్సన్ స్టేట్ పార్కు ఉంది. పెద్ద బండి ఉన్నవాళ్ళకు నేను మొదట చెప్పే పేరు ఇదే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అది నావికాదళ శిక్షణ కేంద్రం. 4 లక్షల మందికి పైగా నావికులు అక్కడ తయారయ్యారు. ఆ తర్వాత కొన్నేళ్ళు వైమానిక దళం వాడుకుంది. వేలమందికి బ్యారక్‌లు కట్టిన నేల కాబట్టి విశాలంగా, చదునుగా ఉంటుంది. కరెంటు ఉన్న సైట్లు రెండు వందలకు పైగా ఉన్నాయి. పిల్లలు సైకిళ్ళు తొక్కడానికి ఇంతకన్నా మంచి చోటు ఆ చుట్టుపక్కల నేను చూడలేదు. అక్కడినుంచి దక్షిణంగా దిగితే లోడై, హెక్టర్ వైనరీలన్నీ అదే ఒడ్డున వరసగా తగులుతాయి.

వాట్కిన్స్ గ్లెన్ స్టేట్ పార్కు పేరు అందరికీ తెలుసు. రెండు మైళ్ళలోపు నడకలో 19 జలపాతాలు, ఇరుపక్కలా 200 అడుగుల రాతిగోడలు. క్యాంప్‌గ్రౌండ్ ఆ లోయకు పైన ఉంటుంది, పొద్దున్నే జనం రాకముందే నడిచి దిగిపోవచ్చు. నా దృష్టిలో అక్కడ ఉండటానికి అదొక్కటే గట్టి కారణం, అది చాలు కూడా. కాకపోతే కరెంటు సైట్లు తక్కువ, చెట్లు దట్టం, పెద్ద బండిని వెనక్కి పెట్టడం కష్టం. లోయలోని కాలిబాట చలికాలంలో మూసేస్తారు.

కయూగా పడమట టగానక్ జలపాతం ఉంది. ఒకే దూకుడున 215 అడుగులు, అంటే నయాగరా కన్నా 33 అడుగులు ఎక్కువ. అక్కడి సైట్లు చిన్నవి, కొండవాలు మీద ఉంటాయి. వ్యాన్‌కో, చిన్న ట్రైలర్‌కో సరిపోతాయి. ముప్పై అడుగుల బండి ఉంటే కయూగా ఉత్తరపు కొసన, సెనెకా ఫాల్స్ దగ్గరున్న కయూగా లేక్ స్టేట్ పార్కు నయం. నేల చదునుగా ఉంటుంది, నీళ్ళు లోతు తక్కువ కాబట్టి త్వరగా వేడెక్కుతాయి, చిన్నపిల్లలకు బాగుంటుంది. 1848లో మహిళా హక్కుల మొదటి మహాసభ జరిగిన ఊరు అదే. ఆడపిల్లల్ని తీసుకెళ్తే ఒక పూట అక్కడికి కేటాయించండి.

కొండ నెత్తి మీద బస కావాలంటే సెనెకా, కయూగాల మధ్య ఫింగర్ లేక్స్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఒకే ఒక్క నేషనల్ ఫారెస్ట్ అది, సుమారు 16,000 ఎకరాలు. అందులోని బ్లూబెర్రీ ప్యాచ్ క్యాంప్‌గ్రౌండ్‌లో కొద్ది సైట్లే ఉంటాయి, హుకప్‌లు ఉండవు. జులై, ఆగస్టుల్లో బ్లూబెర్రీలు కోసుకోవచ్చు. ఎత్తు మీద కాబట్టి రాత్రి నక్షత్రాలు బాగా కనిపిస్తాయి.

ఒడ్డు ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి చూసుకోండి. తూర్పు ఒడ్డున ఉంటే సూర్యాస్తమయం నీళ్ళ మీద కనిపిస్తుంది. దానికోసమే చాలామంది అటు వెళ్తారు, నేనూ అంతే. కానీ జులైలో అదే ఎండ నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా బండి పక్కను కాలుస్తుంది. పడమటి గాలి పందిరిగుడ్డను ఎగరేస్తుంది, రాత్రి దాన్ని చుట్టి పెట్టకుండా పడుకోకూడదు. పడమటి ఒడ్డున సూర్యోదయం ఉంటుంది, సాయంత్రం కొండనీడ ముందే వస్తుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే, ఎండాకాలంలో నేను పడమటి ఒడ్డే చెబుతాను.

సైట్ దొరకడం గురించి రెండు మాటలు. న్యూయార్క్ స్టేట్ పార్కుల్లో తొమ్మిది నెలల ముందు నుంచి బుకింగ్ తెరుస్తారు. జులై నాలుగుకు (అమెరికా స్వాతంత్ర్య దినానికి) కరెంటు సైట్ కావాలంటే అక్టోబరులోనే కూర్చోవాలి. మార్చిలో చూసేవాళ్ళకు ఆదివారం నుంచి గురువారం దాకా దొరుకుతాయి, అదీ మంచిదే, ఆ రోజుల్లో వైనరీల్లో రద్దీ ఉండదు. వాట్కిన్స్ గ్లెన్ రేసు ట్రాక్ క్యాలెండర్ తప్పకుండా చూసుకోండి. 1961 నుంచి 1980 దాకా అమెరికా ఫార్ములా వన్ రేసు అక్కడే జరిగేది, ఇప్పుడు నాస్కార్ కార్ల రేసు జరుగుతుంది. ఆ వారాంతం చుట్టూ ముప్పై మైళ్ళలో చోటు దొరకదు, దొరికినా రోడ్డు కదలదు. ఆకుల రంగు, ద్రాక్షకోత రెండూ కలిసొచ్చేది అక్టోబరు మొదటి సగంలో. ఆ తర్వాత క్యాంప్‌గ్రౌండ్లు ఒక్కొక్కటే మూసేస్తారు, పైపులు గడ్డకడతాయని నీళ్ళు కట్టేస్తారు.

30 ఆంపుల్లో వంట

స్టేట్ పార్కుల్లో ఎక్కువ సైట్లకు కరెంటు ఒక్కటే ఉంటుంది. నీళ్ళు పంపు దగ్గర పట్టుకోవాలి, మురుగు వదలడానికి పోయేముందు డంప్ స్టేషన్‌కు వెళ్ళాలి. ప్రైవేటు చోట్ల మూడూ సైట్ దగ్గరే ఉంటాయి, దాన్నే ఫుల్ హుకప్ అంటారు. అయితే ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లలో మంచి సైట్లు చాలావరకు సీజను మొత్తానికి తీసుకునేవాళ్ళకు ముందే పోతాయి. రెండు రాత్రులకు వచ్చేవాళ్ళకు మిగిలేవి రోడ్డు పక్కవి.

కరెంటు లెక్క మన ఇళ్ళవాళ్ళు వేసుకోరు, అక్కడే దెబ్బ తింటారు. 30 ఆంపుల సైట్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. బండి ఏసీ ఒక్కటే దాదాపు 1,500 వాట్లు లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి పూర్తి మంట మీద 1,800. రెండూ కలిపి 3,300. ఇక ఉల్లిపాయ చట్నీకి మిక్సీ వేశారా, బ్రేకర్ పడిపోతుంది. కాబట్టి వంట బండిలోని గ్యాస్ పొయ్యి మీద చేయండి. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) పెట్టాలంటే ఆ ఇరవై నిమిషాలు ఏసీ ఆపండి. 50 ఆంపుల సైట్ అయితే రెండు లైన్లు కలిపి 12,000 వాట్లు వస్తాయి, కానీ దానికి తగ్గ బండి ఉండాలి. 30 ఆంపుల బండికి అడాప్టర్ తగిలించి 50 ఆంపుల సైట్‌లో పెట్టినా అదనంగా ఒక్క వాట్ కూడా రాదు. ఈ అపోహతో ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళను ఇద్దర్ని చూశాను.

నీళ్ళ లెక్క ఇంకా కచ్చితంగా ఉండాలి. అద్దెకు దొరికే మధ్యరకం (క్లాస్ సి) బండ్లలో గిన్నెల నీళ్ళు, స్నానాల నీళ్ళు పోయే గ్రే ట్యాంకు సాధారణంగా 30–40 గ్యాలన్లు ఉంటుంది. ఆరుగురున్న మన ఇంట్లో, రెండు పూటలా అన్నం, కూర, పప్పు వండితే, అది రెండు రోజుల్లో నిండుతుంది. కంచాలు ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగండి. పోపు నూనె సింకులో పోయొద్దు, ఆ జిడ్డు ట్యాంకు గోడలకు పట్టి వాసన వేస్తుంది. స్నానాలకు క్యాంప్‌గ్రౌండ్ బాత్‌రూములు వాడితే ఇంకో రోజు కలిసొస్తుంది. వదిలేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత గ్రే ట్యాంకు. వెనక వచ్చే సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి.

సొంతంగా నడపడానికి జంకుగా ఉంటే, యజమానే ట్రైలర్ తెచ్చి మీ సైట్‌లో సమం చేసి పెట్టి, చివరి రోజు తీసుకుపోయే ఏర్పాటు కూడా దొరుకుతుంది. మీరు మామూలు కారులో వెళ్ళిపోవచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను ఇదే సిఫారసు చేస్తాను. కయూగా దక్షిణపు కొసనున్న ఇథాకాలోకి, వాట్కిన్స్ గ్లెన్‌లోకి దిగే రోడ్లు నిటారుగా ఉంటాయి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలి వాసన వస్తుంది, గేరు తగ్గించి ఇంజిన్ బలం మీద దింపాలి. పెన్ యాన్ అనే ఊరి చుట్టుపక్కల మెనొనైట్లు అనే క్రైస్తవ వర్గంవాళ్ళ గుర్రపుబగ్గీలు అదే రోడ్డు మీద నడుస్తాయి. వెనక నారింజరంగు త్రికోణం కనిపిస్తే వేగం తగ్గించి, ఎదురు బండి లేదని రూఢి చేసుకున్నాకే దాటండి.

తోటల్లో రెండు పూటలు

ఆర్‌వీ వేసుకుని వైనరీలు తిరగొద్దు. బండిని క్యాంప్‌గ్రౌండ్‌లో కట్టేసినట్టే ఉంచి, వెంట ఒక కారు తెచ్చుకోండి. మనవాళ్ళు ఎలాగూ రెండు కుటుంబాలు కలిసి వెళ్తారు, రెండో కుటుంబం కారులో వస్తే ఈ చిక్కు తీరిపోతుంది. ఆర్‌వీతోనే వైనరీలో రాత్రి గడపాలనుకునేవాళ్ళకు హార్వెస్ట్ హోస్ట్స్ అనే సభ్యత్వ పథకం ఉంది. ఏడాది చందా కట్టి, ముందుగా అడిగి, ఒక్క రాత్రి అక్కడ ఉండొచ్చు. హుకప్‌లు ఉండవు, మరుగుదొడ్డి బండిలోనే ఉండాలి, వెళ్ళేముందు వాళ్ళ దగ్గర ఏదైనా కొనడం మర్యాద.

తాగి నడపడం గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళకు ఇందులో రెండింతల ప్రమాదం ఉంది. వైనరీలో ఒక 'ఫ్లైట్' అంటే నాలుగైదు రకాలు, ఒక్కోటి ఔన్సు చొప్పున. అంటే ఒక ఫ్లైట్ ఒక పూర్తి గ్లాసుతో సమానం. రెండు చిన్న చుక్కలేగా అనుకుంటూ మూడు వైనరీలు తిరిగితే మూడు గ్లాసులు తాగినట్టు. న్యూయార్క్‌లో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే నేరం. 0.05 దాటినా ఇంకో నిబంధన కింద కేసు పెడతారు. వీసా మీద ఉన్నవాళ్ళకు దీనికి తోడు ఇంకోటి ఉంది. తాగి నడిపారని అరెస్టు అయితే చాలు, కోర్టులో నేరం తేలకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. ఇంట్లో ఒకరు ఆ రోజు ముట్టకూడదని పొద్దున్నే తేల్చుకోండి, లేదా డ్రైవరును మాట్లాడుకోండి. ఊబర్‌ను ఊళ్ళు దాటాక నమ్ముకోలేం.

రోజుకు రెండు వైనరీలు చాలు. ఆరుగురు దాటితే ముందుగా చెప్పాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. పిల్లల్ని రానిస్తారో లేదో కూడా అప్పుడే అడగండి. ఇక్కడి పేరున్న రకం రీస్లింగ్ అనే తెల్ల వైన్. ఎన్నో సీసాల వెనక తీపి ఎంతో చూపే కొలగీత ఉంటుంది, అది చూసి కొనండి. పులిహోర, కోడివేపుడు, గోంగూర లాంటివాటితో తాగడానికి కొద్దిగా తీపి ఉన్నది తీసుకోండి. కారం నాలుక మీద మండుతున్నప్పుడు ఆ తీపి చల్లారుస్తుంది, పులుపు చింతపండుతో కలుస్తుంది, ఆల్కహాల్ తక్కువ కాబట్టి మంట పెంచదు. ఘాటైన ఎర్ర వైన్‌తో మన కూరలు తింటే నోరు ఇంకా మండుతుంది. తాగనివాళ్ళకు కాంకర్డ్ ద్రాక్షరసం, కెనన్‌డేగ్వా సరస్సుకు దక్షిణాన నేపుల్స్ అనే ఊళ్ళో ద్రాక్ష 'పై' (లోపల పండు పెట్టి కాల్చిన తీపి వంటకం) దొరుకుతాయి. మా అమ్మాయికి ఆ 'పై' కోసమే మళ్ళీ వెళ్ళాలని ఉంది.

యూరప్ ద్రాక్ష ఇక్కడి చలికి బతకదని ఒకప్పుడు అందరూ అనేవారు. ఉక్రెయిన్ చలిలో ద్రాక్ష పెంచి, 1951లో అమెరికా వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ ఆ మాట ఒప్పుకోలేదు. చలికి ఆగే వేరుమొక్కల మీద అంటు కట్టి పండించి, 1962లో క్యూకా ఒడ్డున సొంత వైనరీ పెట్టాడు. 1976లో న్యూయార్క్ చేసిన ఫార్మ్ వైనరీ చట్టంతో చిన్న రైతులు తమ వైన్‌ను నేరుగా జనానికి అమ్ముకోగలిగారు. రోడ్డు పొడవునా ఇప్పుడు కనిపించే వందకు పైగా వైనరీల్లో చాలావాటికి ఆ చట్టమే దారి తీసింది.

రెండేళ్ళ కింద అక్టోబరులో మా మామగారిని తీసుకెళ్ళాం. ఆయనది శంషాబాద్ దగ్గర పల్లె. ఒకప్పుడు నాలుగెకరాల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోట ఉండేది. వైన్ ముట్టరు. వైనరీలో మేం లోపల ఉంటే ఆయన బయట తోట అంచున నిలబడ్డారు. నేను వెళ్ళేసరికి వంగి ఒక తీగ మొదలు పట్టుకుని చూస్తున్నారు. "ఈడ పందిరెందుకు ఎయ్యలేదు బిడ్డా? గీ ఒక్క మొదలుకు రెండు కాండాలేంది?" అన్నారు. అక్కడ పనిచేస్తున్నాయన్ని అడిగి తెలుగులో చెప్పాను. మన దగ్గర ఎండ మెండు, పందిరి కింద గెలలకు నీడ కావాలి. ఇక్కడ ఎండ తక్కువ కాబట్టి ప్రతి ఆకుకూ వెలుతురు తగిలేలా ద్రాక్షతీగను ఇనుప తీగెల మీద నిలువుగా కడతారు. చలికి ఒక కాండం చచ్చిపోతే రెండోది మిగలాలని రెండు పెంచుతారు. చలికాలం వచ్చేముందు అంటు కట్టిన చోటు కప్పేలా మొదట్లోకి మట్టి ఎగదోస్తారు, వసంతంలో తీసేస్తారు. మామగారు అంతా విని, రెండు వరసల మధ్య మట్టి గుప్పెడు తీసి నలిపి చూసి, "పలుగురాయి ఉన్నది, నీళ్ళు ఆగవు, మంచిదే" అన్నారు. ఆ పూట ఆయన కళ్ళతో చూశాకే నాకు ఆ తోట కనిపించింది.

వెంట తీసుకెళ్ళకూడనివి

కట్టెలు తీసుకెళ్ళకండి. న్యూయార్క్‌లో, వేడిచేసి శుద్ధి చేయని కట్టెలను కొట్టిన చోటు నుంచి 50 మైళ్ళు దాటించకూడదు, బయటి రాష్ట్రాల నుంచి అసలు తేకూడదు. బూడిదరంగు బెరడున్న యాష్ చెట్లను చంపే పురుగు కట్టెల్లో దాగి ప్రయాణిస్తుంది. క్యాంప్‌గ్రౌండ్ దగ్గరే కట్ట కొనుక్కోండి.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల నుంచి వెళ్ళేవాళ్ళకు దీనికన్నా ముఖ్యమైనది స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై. 2014లో పెన్సిల్వేనియాలో మొదటిసారి కనిపించిన ఈ ఆసియా పురుగు ద్రాక్షతీగ రసం పీల్చి, మొక్కను నీరసపరిచి, చలికాలాన్ని తట్టుకోలేకుండా చేస్తుంది. మన పెరట్లో అది ఎగురుతుంటే విసుగ్గా తొక్కేస్తాం. ఆ తోటల వాళ్ళకు మాత్రం అది బతుకుతెరువుతో ముడిపడ్డ విషయం. దానికి సొంతంగా దూరం ఎగిరే శక్తి లేదు, మన బండ్లే దాన్ని మోసుకుపోతాయి. సెప్టెంబరు నుంచి ఏ గట్టి వస్తువు మీదైనా గుడ్లు పెడుతుంది. వాకిట్లో నెలల తరబడి నిలబడి ఉండే ఆర్‌వీ దానికి అనువైన చోటు. గుడ్ల గుంపు అంగుళం పొడవున, ఎండిన బురద మరకలా ఉంటుంది. తెలియనివాళ్ళు మట్టే అనుకుంటారు.

మామగారితో వెళ్ళిన ఆ ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఆయనకు ఫోనులో బొమ్మ చూపించి, ఇది ద్రాక్షకు పురుగు అని చెప్పాను. ఆయన వెంటనే టార్చి అడిగారు. చక్రాల వెనక, బంపరు కింద, నిచ్చెన మెట్ల అడుగున, పందిరిగుడ్డ గొట్టం సందులో, గంటసేపు వేలితో తడుముతూ చూశారు. వెనక బంపరు లోపలి అంచున బూడిదరంగు మరక ఒకటి దొరికింది. పాత బ్యాంకు కార్డు ఇచ్చాను. మిగలకుండా గీరి, జిప్ సంచీలో శానిటైజర్ పోసి అందులో వేసి, మూతి నొక్కారు. తర్వాత మళ్ళీ వంగి, గీరిన చోట వేలు పెట్టి రాసి చూసుకున్నారు. "ఇగ నడువుండ్రి" అన్నారు.